పెద్దవాళ్ళ పక్కన అరగంట కూర్చునే మనిషిని పంపండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను నెల్లూరు జిల్లాలో ఆత్మకూరు వైపు పల్లెల్లో 30 ఏళ్ళకు పైగా ఏఎన్‌ఎంగా, అంటే ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సుగా, పనిచేసి రిటైర్ అయ్యాను. రాష్ట్రంలో మొదటి కరోనా కేసు 2020 మార్చి 12న మా నెల్లూరులోనే బయటపడింది. ఇటలీ నుంచి వచ్చిన ఒక కుర్రాడికి. అప్పటి నుంచి మేం వీధి వీధీ తిరిగి ఒకే మాట చెప్పాం. అరవై దాటినవాళ్ళు ఇంట్లోంచి బయటికి రావద్దు అని. ఆ మాట తప్పు కాదు. ఆ ఏడాది అక్టోబర్ నాటికి దేశంలో కరోనాతో పోయినవాళ్ళలో సగానికి పైగా అరవై దాటినవాళ్ళేనని కేంద్ర ఆరోగ్య శాఖ లెక్కలు చెప్పాయి. కానీ మేం బయటికి రావద్దని చెప్పి అక్కడితో ఆగిపోయాం. లోపల ఎట్లా ఉండాలో చెప్పలేదు. ఇప్పుడు మీకు రాస్తున్నది దాని గురించే.

ముందు మా అత్తగారి సంగతి చెప్పాలి. 2020లో ఆమెకు 74 ఏళ్ళు. తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, గేదెకు గడ్డి వేసి, రామాలయం దాకా నడిచి వచ్చే మనిషి. బీపీ ఉంది, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. అయినా చెంబు నీళ్ళకు కూడా ఎవరినీ పిలిచేది కాదు. నేను రోజూ ఊళ్ళు తిరిగి వచ్చేదాన్ని కాబట్టి నా వల్ల ఆమెకు అంటుకుంటుందేమోనని నాకు ఒకటే టెన్షన్. వెనక గదిలో మంచం వేసి, కంచం గ్లాసు వేరు చేసి, "అత్తా, గడప దాటొద్దు" అని నేనే చెప్పాను. ఆమె చెప్పినట్టే ఉంది. మూడు నెలలు ఆ మంచం, ఆ టీవీ. వాకిట్లో నుంచి ఎట్లా ఉన్నావని అడిగితే, "నేనెక్కడికి పోతుండా అమ్మాయ్, మంచం మీదే ఉండా గదా" అనేది. నాకు ధైర్యంగా ఉండేది ఆ మాట వింటే.

జూలైలో ఒక రాత్రి బాత్రూంకి లేచి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది కానీ మళ్ళీ రామాలయం దాకా నడవలేదు. మరుసటి ఏడు సంక్రాంతి వెళ్ళాక పోయింది. ఆమెకు మూడుసార్లు పరీక్ష చేయించాం, ఒక్కసారీ కరోనా లేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజు పక్క తీస్తుంటే దిండు కింద బీపీ మాత్రల షీటు దొరికింది. అన్నీ సగానికి విరిచినవే. లాక్‌డౌన్‌లో అయిపోతే మళ్ళీ దొరకవేమోనని సగం సగం మింగింది. ఏఎన్‌ఎం ఉన్న ఇంట్లోనే ఇలా జరిగింది. ఆమె నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

2007లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. ఆ పది రోజుల్లోనే కాళ్ళలో దాదాపు కిలో కండ తగ్గిపోయింది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అత్త మూడు నెలలు మంచం మీద ఉంది.

ఆమెకు నేను చెప్పాల్సింది పెద్ద విద్యేమీ కాదండీ. కుర్చీలో కూర్చుని, వీలైనంత వరకు చేతుల ఊతం లేకుండా లేచి మళ్ళీ కూర్చోవాలి. పూటకు పదిసార్లు. ద్వారబంధం పట్టుకుని మడమలు ఎత్తి దించాలి. పెరట్లో ఎవరూ లేనప్పుడు బావి దగ్గర నుంచి దొడ్డి గుమ్మం దాకా పది చుట్లు నడవాలి. అరవై అయిదు దాటినవాళ్ళు వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా ఒళ్ళు కదిలించాలని, పడిపోకుండా ఉండటానికి వారంలో మూడు రోజులైనా బ్యాలెన్స్ కోసం వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే రాసిపెట్టింది. దాన్ని మా ఊరి భాషలో చెప్పేవాళ్ళు లేకపోయారు. ఫోన్ ఎత్తితే ముందు ఒక దగ్గు వినిపించేది, ఆ తర్వాత చేతులు కడుక్కోమని చెప్పేవాళ్ళు. ఆ ఫోనులోనే కుర్చీ సంగతి కూడా చెప్పి ఉండొచ్చు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

తిండి సంగతి ఇంకా కష్టం. మా వైపు పెద్దావిడలు, ముఖ్యంగా భర్త పోయినవాళ్ళు, అందరూ తిన్నాక మిగిలింది తింటారు. చారన్నం, మజ్జిగన్నం, నంజుకోవడానికి ఊరగాయ బద్ద. అడిగితే "ఈ వయసులో నాకెందుకు కోడిగుడ్డు, పిల్లలకు పెట్టండి" అంటారు. కానీ ఆ వయసులోనే కండ నిలబడాలంటే మాంసకృత్తులు కావాలి. కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము చొప్పున అనుకుంటే 50 కిలోల మనిషికి 50 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. చారన్నంతో ఆ లెక్క ఎక్కడికి చేరుతుంది? కాబట్టి పప్పు చిక్కగా వండాలి, పెసలు నానబెట్టాలి, దొరికితే చేప ముక్క వాళ్ళ కంచంలో ముందు వేయాలి. ఇది ఆ పెద్దావిడకు ఒక్కదానికే చెబితే చాలదు, వడ్డించే కోడలికి కూడా చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు మాత్రం డాక్టర్ని అడిగాకే.

నీళ్ళు కూడా అంతే. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. దానికి తోడు రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్ళు మానేస్తారు. రోహిణి కార్తెలో కిటికీ లేని గదిలో తలుపు వేసి ఉంచితే వాళ్ళు ఏమవుతారో నేను కళ్ళారా చూశాను. పైగా గాలి ఆడని గదిలో జబ్బు అంటుకునే ప్రమాదం ఎక్కువ.

ఇంకొక సంగతి ఇంట్లోవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. పెద్దవాళ్ళకు ఇన్‌ఫెక్షన్ వస్తే జ్వరం రాకపోవచ్చు. మగతగా ఉండటం, తిండి మానేయడం, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, ఇవే మొదటి గుర్తులు కావొచ్చు. "ముసలితనం గదా, అట్టనే ఉంటది" అని వదిలేసిన ఇళ్ళు నాకు తెలుసు.

2021 మే నెలలో ముత్తుకూరు మండలం కృష్ణపట్నానికి వేల మంది పోయారు, కరోనాకు ఆనందయ్య ఇచ్చే నాటు మందు కోసం. జనాన్ని అదుపు చేయలేక పంపిణీ ఆపాల్సి వచ్చింది. ఆ మందు గురించిన వాదనలోకి నేను పోను. మా ఊరి నుంచి ఆటో కట్టించుకుని వెళ్ళిన ఒక పెద్దాయనను అడిగాను, అంత ఎండలో, అంత జనంలోకి ఎందుకు పోయావు నాయనా అని. "మీరంతా ఏం చెయ్యగూడదో చెప్తుండారు. ఏం చెయ్యాల్నో చెప్పింది ఆడొక్కచోటే" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మనిషికి చేయడానికి ఏదో ఒకటి కావాలి. మేం ఇవ్వలేదు కాబట్టి ఆయన వెతుక్కుంటూ పోయాడు.

అందుకే మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. మహమ్మారి లేని ఈ రోజుల్లోనే ప్రతి ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర నెలకు ఒక అరగంట కూర్చుని మాట్లాడే పనిని ఒకరికి అప్పజెప్పండి. ఆఫీసుల్లో దాన్ని లైఫ్‌స్టైల్ కౌన్సెలింగ్ అంటారు. రోజూ తెలిసిన మనిషి చెబితే పెద్దవాళ్ళు వింటారు. జబ్బు ఊళ్ళోకి వచ్చాక ముఖానికి మాస్కు వేసుకుని దూరంగా నిలబడి చెబితే వినరు. నా అనుభవం అది.

దీనికి కొత్త ఆఫీసు అక్కర్లేదు. ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది పింఛను ఇంటికే తెచ్చిస్తున్నారు. ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో వాళ్ళకు తెలుసు. ఆ జాబితా ఏఎన్‌ఎంకీ ఆశాకూ ఇచ్చి, ఆ వారంలోనే వాళ్ళను ఆ ఇళ్ళకు పంపండి. మాత్రల షీటు బయటికి తీయించి చూడాలి. ఇంకా ఎన్ని రోజులకు ఉన్నాయో లెక్కపెట్టాలి. నెలకు సరిపడా ఎప్పుడూ చేతిలో ఉండేట్టు చూడాలి. కుర్చీలోంచి లేవమని అడిగి చూడాలి. పోయిన నెల లేచి ఈ నెల లేవలేకపోతే అది రాసుకుని డాక్టర్ గారికి చెప్పాలి. ఫ్లూ టీకా, నిమోనియా టీకా గురించి డాక్టర్ని అడిగించాలి. చుట్ట కాల్చే తాత ఉంటే తిట్టకుండా, నెల నెలా అదే మాట ఓపిగ్గా చెప్పాలి. వయోవృద్ధులకు 14567, మనసు బాగోలేనివాళ్ళకు 14416 అని హెల్ప్‌లైన్లు ఉన్నాయి. కానీ గోడ మీద అంటించిన కాగితాన్ని చదవలేని మనిషికి ఆ నంబర్లు లేనట్టే. అలాంటి మనిషి బటన్ ఫోనులో రెండు అంకె నొక్కితే ఆ నంబరుకు కాల్ పోయేట్టు పెట్టి, ఒకసారి పక్కన ఉండి ఆ మనిషి చేతే చేయించాలి.

అందరికీ ఒకే పాంప్లెట్ అచ్చు వేయించి పంచొద్దని కూడా వేడుకుంటున్నాను. మైపాడు, జువ్వలదిన్నె లాంటి తీరం ఊళ్ళలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలతో వేట నిషేధం. ఆ రోజుల్లో పచ్చిచేప తగ్గి ఎండుచేప పెరుగుతుంది, దాంతో ఉప్పు పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్ళకు రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు అని గ్రాముల్లో చెబితే అర్థం కాదు. మొత్తం కలిపి ఒక టీస్పూను లోపే అని చెప్పాలి, ఎండుచేపను వేడినీళ్ళలో నానబెట్టి కడగడం చేసి చూపించాలి. పాత ప్రకాశం జిల్లా కనిగిరి వైపు వేరు. అక్కడ నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల నడుం వంగిపోయి, మెడ తిప్పలేని పెద్దవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు నడక గురించి మనం చెప్పే మాటలు పనికిరావు, ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి. పిల్లలేమో హైదరాబాదు, బెంగళూరు వలసపోయి ఉంటారు. మళ్ళీ లాక్‌డౌన్ లాంటిది వస్తే ప్లాంటు నీళ్ళ క్యాను వాళ్ళ గుమ్మంలోకి ఎవరు తెస్తారో ఇప్పుడే పేరు రాసుకోవాలి. లేకపోతే మళ్ళీ బోరు నీళ్ళే తాగుతారు.

ఏఎన్‌ఎంలకు, ఆశాలకు ఇప్పటికే పని ఎక్కువ. యాప్‌లలో వివరాలు ఎక్కించడానికే సగం పూట పోతుంది. వాళ్ళ నెత్తిన ఇంకొకటి పెట్టమని నేను అడగడం లేదు. ఆ రికార్డుల పనిలో కొంత తగ్గించి, ఈ అరగంటను కూడా డ్యూటీ కింద లెక్కకట్టండి. మనిషితో మాట్లాడిన సమయం ఏ రిజిస్టర్లోనూ కనిపించదు కాబట్టి అది ముందు వదిలేసే పని అవుతోంది. నా సర్వీసులో నేనూ అదే చేశాను.

రాష్ట్రమంతా ఒకేసారి వద్దు. నెల్లూరులో మెట్టలో ఒక మండలం, తీరంలో ఒక మండలం, కనిగిరి వైపు ఒకటి, ఆరు నెలలు చేసి చూడండి. మెట్టలో మా మండలం తీసుకుంటే, వారానికి రెండు రోజులు ఆశా కార్యకర్తలతో కలిసి ఇళ్ళకు రావడానికి నేను సిద్ధం. జీతం, చార్జీలు ఏమీ వద్దు. మీ కార్యాలయం నుంచి కబురు వస్తే మరుసటి రోజే బయల్దేరతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం,
ఆత్మకూరు ప్రాంతం, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా