కట్ట విప్పకుండా ట్యాగులు నేర్పొద్దు

తెలంగాణ ఉన్నత విద్యా మండలి అధ్యక్షుల వారికి నమస్కారాలు.

తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల నాటి ఫారసీ కాగితాల నుంచి నిజాం సర్కారు దఫ్తర్ల దాకా ఉన్నాయి. ఆ పక్కనే ఉస్మానియా క్యాంపస్. లైబ్రరీ సైన్స్ పిల్లలను ఆ కట్టల దగ్గర కూర్చోబెట్టి ఈఏడీ, అంటే ఎన్‌కోడెడ్ ఆర్కైవల్ డిస్క్రిప్షన్, నేర్పించమని అడగడానికే ఈ లేఖ.

రికార్డుల వివరాలను ఎక్స్‌ఎంఎల్‌లో (సమాచారం చుట్టూ ట్యాగులనే గుర్తులు పెట్టి కంప్యూటరుకు అర్థమయ్యేలా చేసే భాష) రాసే పద్ధతి ఇది. 1993లో బర్క్‌లీలో పని మొదలైంది, 1998లో తొలి వెర్షన్ వచ్చింది, 2015లో ఈఏడీ3. ట్యాగులదేముంది, వారంలో పట్టుబడతాయి. కష్టమంతా వాటి వెనకున్న ఆలోచనలోనే. పుస్తకానికి పేరూ రచయితా అట్ట మీదే ఉంటాయి. దఫ్తరు కట్టకు అలాంటివేవీ ఉండవు. ఏ కచేరీలో (ఆఫీసులో) పుట్టింది, అక్కడ ఏ వరసలో దాచారు అన్నదే దాని ఆనవాలు. అందుకే శాఖ నుంచి సీరీస్‌కు, అక్కణ్ణుంచి ఫైలుకు దిగుతూ రాయాలి; పైన ఒకసారి చెప్పింది కింద మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఒక ఫైలు మీద 1346 ఫసలీ (నిజాం సర్కారు వాడిన పంటల లెక్క సంవత్సరం) అని ఉందనుకోండి. 1936 అని మార్చేస్తే సగం తప్పు, ఎందుకంటే హైదరాబాదు ఫసలీ ఏడాది అక్టోబరులో మొదలై మరుసటి ఏడాదిలోకి పోతుంది. చదివేవాళ్లకు కనబడేచోట ఫసలీనే ఉంచి, యూనిట్‌డేట్ ట్యాగులోని 'నార్మల్' (కంప్యూటరు వెతుక్కునే తేదీ) దగ్గర 1936/1937 వేయాలి. అప్పుడే 1937 అని వెతికినవాళ్లకూ ఆ ఫైలు దొరుకుతుంది. ఇలాంటివి స్లైడ్లు చూస్తే రావు.

స్కాన్ చేయిస్తే సరిపోదా అంటారు. స్కానింగుకు టెండరు పిలవడం తేలిక, ప్రారంభోత్సవం ఫొటో కూడా బాగా వస్తుంది. వివరం రాయని స్కాన్ మాత్రం పేరులేని బొమ్మల గుట్ట. పైగా నిజాం కచేరీలు ఇక్కణ్ణుంచే ఔరంగాబాదునూ గుల్బర్గానూ ఏలాయి. 1956 తర్వాత ఆ జిల్లాలు వేరే రాష్ట్రాల్లోకి వెళ్లాయి. అక్కడి పరిశోధకులకు ఇక్కడ ఏముందో తెలియాలంటే అందరూ వాడే ప్రమాణంలోనే రాయాలి.

ఒక సెమిస్టరు పేపరు చాలు. సగం తరగతులు రికార్డు రూములోనే జరగాలి, షికస్తా రాత (గొలుసుకట్టుగా రాసే ఫారసీ లిపి) చదవగల ఉర్దూ, ఫారసీ అధ్యాపకులు పక్కన ఉండాలి. సాఫ్ట్‌వేరు ఖర్చేమీ లేదు, ఆర్కైవ్స్ వివరాలు నమోదు చేసే ఏటామ్ ఉచితం. మూడు గంటల రాతపరీక్ష వద్దు. ప్రతి విద్యార్థీ ఒక కట్టను వర్ణించి, ఎన్‌కోడ్ చేసి, ఆర్కైవ్స్‌కే అప్పగించాలి. షికస్తా చదవగలిగే పెద్దలు ఏటికేడు తగ్గిపోతున్నారు కనుక వచ్చే విద్యా సంవత్సరమే మొదలుపెట్టించమని మనవి.

భవదీయుడు,
ఒక లైబ్రరీ సైన్స్ అధ్యాపకుడు