బొంత అంచు పట్టీ కుట్టేవారికి

సభ్యులకు నమస్కారం. పట్టీ వేసే ముందు పై గుడ్డ, దూది పొర, అడుగు గుడ్డ మూడింటినీ ఒకే గీతన కత్తిరించి, మూలలు సరిగ్గా లంబకోణంలో ఉన్నాయో లేదో తప్పక చూసుకోండి. 2.5 అంగుళాల వెడల్పు పట్టీలను ఏటవాలుగా అతికి, పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేయాలి. మొత్తం పొడవు నాలుగు అంచుల కొలత కన్నా 10 అంగుళాలైనా ఎక్కువ ఉండాలి. పట్టీని బొంత ముందువైపు అంచు వెంట కుట్టేటప్పుడు అసలు శ్రద్ధ కావలసింది మూలల దగ్గరే: అంచుకు పావు అంగుళం ముందే కుట్టు ఆపి, పట్టీని ముందు పైకి, ఆ తర్వాత కిందికి మడిచి, రెండో అంచు మీద మళ్ళీ మొదలుపెడితే మూల చక్కగా తేలుతుంది. పట్టీని లాగి కుట్టకండి, అంచు ముడుచుకుపోతుంది. పట్టీని వెనక్కి తిప్పాక, వెనుకవైపు మాత్రం, ఎంత ఆలస్యమైనా, చేతికుట్టే వేయమని నా మనవి. కుట్టు బయటికి కనిపించదు. వంపు తిరిగిన అంచులకైతే పట్టీ గుడ్డనే ఏటవాలుగా కత్తిరించుకోవాలి.