ప్రథమ అంటే ఫస్ట్ కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో వచ్చే స్టూడెంట్స్ పేజీ గురించి ఒక మాట. నేను ఎంవీపీ కాలనీలో మా ఇంట్లోనే నైన్త్, టెన్త్ పిల్లలకి తెలుగు ట్యూషన్ చెప్తాను. మొన్న ఒకమ్మాయి నోట్సులో "నేను" అని చెప్పే కథని ప్రథమ పురుష కథనం అని రాసుకుంది. కాదమ్మా, ఉత్తమ పురుష అనాలి అంటే "ప్రథమ అంటే ఫస్టే కదా టీచర్, ఇంగ్లీష్‌లో ఫస్ట్ పర్సన్ అన్నారు" అంది. పాపం దానిదేం తప్పు, కొన్న గైడులోనే అలా అచ్చేశారు. మన వ్యాకరణంలో లెక్క అటు నుంచి మొదలవుతుంది, వాడు, ఆమె ప్రథమ, నువ్వు మధ్యమ, నేను ఉత్తమ.

పాత్ర, నేపథ్యం, సంఘర్షణ ఇవన్నీ పిల్లలు ఎలాగోలా పట్టేస్తారు గానీ దృష్టికోణం, అంటే కథని ఎవరి కళ్ళతో చూస్తున్నాం అన్నదాని దగ్గరే బండి ఆగిపోతుంది, రెండు మార్కుల కోసం ఓ వాక్యం బట్టీ పట్టేసి వదిలేస్తున్నారు. మన పక్కనే విజయనగరంలో ఉన్న గురజాడ 1910లో రాసిన దిద్దుబాటు చదివిస్తే చాలు. అందులో గోపాలరావు రాత్రి ఆలస్యంగా ఇంటికొస్తాడు, భార్య కమలిని కనపడదు, ఉత్తరం ఒక్కటే ఉంటుంది. కథ ప్రథమ పురుషలోనే ఉన్నా మనం ఆయన పక్కనే నడుస్తాం, ఆయనతో పాటే కంగారు పడతాం, చివర్లో మంచం కింద నుంచి నవ్వు వినపడేదాకా కమలిని అక్కడే ఉందని మనకీ తెలీదు. అదే కథ కమలిని "నేను" అంటూ చెప్తే? మొదటి లైన్లోనే గుట్టు రట్టయిపోయి కొసమెరుపు కాస్తా పోయేది. ఇలా చెప్తే ఇంక బట్టీ ఎందుకండీ!

అన్నట్టు, కథలో "నేను" అనగానే అది రచయితే అనుకోవడం ఇంకో జబ్బు, పెద్దవాళ్ళకీ ఉంది.

కాబట్టి ఆ పేజీలో ఉత్త డెఫినిషన్లు కాకుండా వారానికి ఒక మాట, దానికో చిన్న కథ వేయండి. మా పిల్లలకి బీచ్‌లో కెరటం చెప్పు లాక్కుపోయిన కుర్రాడి కథ ఇచ్చి, దాన్నే మురీ మిక్చర్ అమ్మే ఆయన "నేను" అని చెప్తున్నట్టు మార్చమన్నాను. ఆ అమ్మాయే పెన్ను ఆపి అడిగింది, "మరి కుర్రాడు ఇంటికెళ్ళి తన్నులు తిన్నాడని ఈయనకెలా తెలుస్తుంది టీచర్, ఆ ముక్క కొట్టేయాలా?" అని.

ఇట్లు
ఒక ట్యూషన్ టీచర్, విశాఖపట్నం