మారినవారినే ఎందుకు అడుగుతున్నాం?

సంపాదకులకు నమస్కారం.

వ్యక్తుల మతవిశ్వాసాలు, అవి మారే తీరు గురించి మీ పాఠకుల లేఖల శీర్షికలో కొంతకాలంగా సాగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. మతం మారినవారూ, మతాన్ని పూర్తిగా వదిలినవారూ అందుకు తగిన కారణం నలుగురికీ చెప్పుకోవాలని ఎక్కువమంది రాశారు. కారణం అడగడంలో తప్పేమీ లేదు. తోటిమనిషి దేన్ని నమ్ముకుని బతుకుతున్నాడో తెలుసుకోవాలనుకోవడం సహజమే. అయితే ఆ ప్రశ్న మారినవారికి మాత్రమే ఎదురుకావడం నాకు అన్యాయంగా తోస్తోంది. పుట్టిన మతంలోనే ఉండిపోయిన నాబోటివారిని ఆపి, "నువ్వెందుకు నమ్ముతున్నావు?" అని ఎవరూ అడగరు. ఉన్నచోట ఉండడానికి కారణం అక్కర్లేదనీ, కదిలినవారే సంజాయిషీ ఇచ్చుకోవాలనీ మనం ముందే తీర్మానించుకున్నాం.

మా కార్యాలయంలో పనిచేసే ఒక యువతి కొంతకాలం కిందట తమ ఇంటి మతాచారాలకు దూరమైంది. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ప్రార్థనకు పిలిచినప్పుడు రానని మర్యాదగా చెప్పేది, అంతే. ఒకరోజు భోజన విరామంలో, ఆమెను కన్నకూతురిలా చూసుకునే ఒక పెద్దాయన, "ఎవరమ్మా నీకు ఇవన్నీ నూరిపోసింది? ఇంట్లో ఏమైనా గొడవా? పెళ్లి విషయమా?" అని వరసగా అడిగారు. ఆమె చెంచా పక్కన పెట్టి, "నేనే చదువుకున్నానండీ, చాలా ఆలోచించుకున్నాను" అని చెప్పింది. "అది సరేనమ్మా, అసలు సంగతేమిటి?" అన్నారాయన. ఆమె చెప్పినది ఆయనకు కారణంగా ఆనలేదు. అదే పెద్దాయన రోజూ కంప్యూటర్ మీట నొక్కి, తెర వెలిగేలోపు కళ్లు మూసుకుని ప్రార్థించుకుంటారు. ఎందుకని ఆయనను అడగాలన్న ఆలోచన మాలో ఎవరికీ ఏనాడూ రాలేదు.

మారినవారు చెప్పే కారణాలు పైపై మాటలేననీ, వాటి వెనుక స్నేహమో ప్రేమో ఒంటరితనమో ఉంటుందనీ మీ శీర్షికలో ఒకరు వాదించారు. ఆ మాటలో కొంత నిజముంది. 1965లో జాన్ లోఫ్లాండ్, రాడ్నీ స్టార్క్ అనే సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలో అప్పుడే వేళ్లూనుకుంటున్న ఒక చిన్న మతబృందాన్ని దగ్గరగా గమనించి రాసిన పరిశోధన వ్యాసంలో, కొత్తగా చేరేవారి విషయంలో అప్పటికే అందులో ఉన్నవారితో ఏర్పడిన ఆత్మీయ బంధానికి పెద్ద పాత్ర ఉందని చూపించారు. కానీ ఈ పరిశీలనను మారినవారి మీదికి మాత్రమే ఎక్కుపెట్టడం ఎలా సబబు? మనలో చాలామంది ఏ మతంలో ఉన్నామో చెప్పడానికి మన తల్లిదండ్రులెవరో తెలిస్తే చాలు. తల్లి ఒడిలో నేర్చుకున్న ప్రార్థన కూడా ఆత్మీయత వల్ల వచ్చినదే. ఒకరి విషయంలో విశ్వాసాన్ని పలుచన చేసే ఆత్మీయత మరొకరి విషయంలో దానికి పవిత్రత ఎలా తెచ్చిపెడుతుంది?

ఇంకొంచెం వెనక్కి వెళితే, తరతరాలుగా వస్తున్నదని మనం గర్వంగా చెప్పుకునే మతం కూడా ఏదో ఒక తరంలో ఎవరో ఎంచుకున్నదో, ఎవరో నెత్తిన పెట్టినదో అయి ఉండవచ్చు. 1555లో కుదిరిన ఆగ్స్‌బర్గ్ ఒప్పందం ప్రకారం జర్మన్ రాజ్యాలలో కాథలిక్ మతమా లూథరన్ మతమా అన్నది పాలకుడు నిర్ణయించేవాడు. సమ్మతించని ప్రజలకు ఆస్తులు అమ్ముకుని వేరే రాజ్యానికి వలసపోయే వీలు మిగిలింది. పాలకుడి ఎంపికకు తలవంచిన ఆ కుటుంబాలలో తరువాతి తరాలవారు ఆ మతాన్నే మనసారా ప్రేమించి ఉంటారు. మొదలు ఎలా జరిగిందన్నది ఆ ప్రేమను అబద్ధం చేయదు. ఈ ఉదారత మనం తాతముత్తాతల విశ్వాసం మీద చూపగలిగినప్పుడు, కళ్ల ముందు బతుకుతున్న మనిషి విశ్వాసం మీద ఎందుకు చూపలేకపోతున్నాం?

కారణం అడిగేవారు ఒక్క వాక్యంలో తేలే జవాబు ఆశిస్తారు. అలా ముక్కుసూటిగా జవాబు చెప్పగలిగినవారు లేకపోలేదు. డాక్టర్ అంబేద్కర్ తాను హిందువుగా మరణించబోనని 1935లో నేటి మహారాష్ట్రలోని యేవలాలో ప్రకటించి, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు. మధ్యలో గడిచిన 21 ఏళ్లలో ఆయన వివిధ మతాలను పరిశీలించారు, సమానత్వం లేని చోట తనవారికి గౌరవం లేదన్న కారణాన్ని బహిరంగంగా, పదేపదే చెప్పారు. అంతటి స్పష్టత అందరికీ దక్కదు. చార్లెస్ డార్విన్ తన జీవిత విశేషాలు రాసుకుంటూ, అవిశ్వాసం తనను ఎంత నెమ్మదిగా ఆవరించిందంటే అందువల్ల బాధ కూడా కలగలేదని చెప్పుకున్నారు. ఫలానా రోజున, ఫలానా కారణంతో అని చూపించడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. అమెరికాలో ప్యూ పరిశోధన సంస్థ 2009లో వెలువరించిన సర్వేలోనూ, కాథలిక్ మతం వదిలి మరే మతంలోనూ చేరనివారిలో 71 శాతం మంది తాము మెల్లమెల్లగా దూరమయ్యామనే చెప్పారు. అలాంటివారిని నిలదీసి కారణం రాబట్టబోతే, అడిగినవారిని తృప్తిపరచడానికి వారు ఏదో ఒకటి కల్పించి చెప్పాల్సి వస్తుంది. ఆ కల్పనను పట్టుకుని మళ్లీ మనమే తప్పుపడతాం.

ప్రలోభాలు, ఒత్తిళ్ల గురించి మీ పాఠకులు వ్యక్తం చేసిన ఆందోళనను నేను తోసిపుచ్చడం లేదు. ఆకలితో ఉన్నవారి అవసరాన్ని ఆసరా చేసుకుని విశ్వాసాన్ని కొనేవారిని తప్పక నిలదీయాలి. అయితే ఒత్తిడి రెండు వైపులా పనిచేస్తుంది. మతం వదిలితే ఇంటి గడప తొక్కనివ్వరేమోనని, ఆస్తిలో వాటా పోతుందని, చెల్లెలి పెళ్లి ఆగిపోతుందని, కన్నపిల్లలను చూడనివ్వరని భయపడి, మనసులో ఏమీ మిగలకపోయినా ఆచారాలన్నీ పాటిస్తున్నవారు ప్రతి మతంలోనూ ఉన్నారు. వారి గురించి ఏ లేఖలోనూ ఒక్క వాక్యం కనిపించలేదు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 18వ అధికరణ, నచ్చిన మతాన్ని కలిగి ఉండే స్వేచ్ఛకూ స్వీకరించే స్వేచ్ఛకూ భంగం కలిగించే బలవంతాన్ని నిషేధించింది. మారమని చేసే బలవంతానికీ, ఉండమని చేసే బలవంతానికీ అందులో తేడా లేదు.

అంతకుముందే, 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన తన 18వ అధికరణలో మతం మార్చుకునే స్వేచ్ఛను పేర్కొంది. ఆ మాట అందులో ఉండాలని లెబనాన్ ప్రతినిధి చార్లెస్ మాలిక్ పట్టుబట్టగా, సౌదీ అరేబియా అభ్యంతరం తెలిపి చివరి ఓటింగ్‌కు దూరంగా ఉంది. ఈ చర్చకు అంతకన్నా దగ్గరి విషయం 1993లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ పైన చెప్పిన ఒడంబడిక 18వ అధికరణకు ఇచ్చిన వివరణలో ఉంది: తన ఆలోచనలనూ, తాను ఏ మతానికి లేదా విశ్వాసానికి చెందినదీ వెల్లడించాలని ఎవరినీ నిర్బంధించరాదు. "నలుగురికీ చెప్పుకోవాలి" అంటున్న మిత్రులు ఈ సంగతి గమనించాలి.

నన్ను ఎవరూ అడగకపోయినా నా కారణాలు నేను చెబుతాను. నా మతం పేరు మాత్రం కావాలనే రాయడం లేదు, ఎందుకంటే పేరు తెలిసిన మరుక్షణం నా మాటలను దానితోనే తూచేవారుంటారు. తెల్లవారకముందే మా అమ్మ సన్నని గొంతుతో పవిత్ర గ్రంథం చదువుకోవడం వింటూ పెరిగాను; ఆ వాక్యాల అర్థం తెలియకముందే వాటి నడక నాలో నిలిచిపోయింది. నాన్నగారు పోయినప్పుడు ఎక్కడ కూర్చోవాలో, ఏం మాట్లాడాలో తోచని స్థితిలో ముందు ఇది, తరువాత అది అని చేయి పట్టుకుని నడిపించినది మతమే. ఎవరూ చూడని వేళ కూడా నా ప్రవర్తనకు ఒక సాక్షి ఉన్నాడన్న నమ్మకం నన్ను చాలాసార్లు నిలబెట్టింది. మరోవైపు, స్త్రీల స్థానం గురించి మా మతపెద్దలు చెప్పే మాటలలో కొన్నింటిని నేను ఒప్పుకోను, ఆ సంగతి వారి ముందే అన్నాను. ఒప్పుకోకుండానే ఇందులో ఉన్నాను. ఇవి వాదనలో నెగ్గే కారణాలు కావని నాకు తెలుసు. మా సహోద్యోగిని చెప్పిన "చదువుకున్నాను, ఆలోచించుకున్నాను" అన్న కారణం కన్నా ఇవి ఏ విధంగానూ బరువైనవి కావు. అయినా వీటిని రాసుకుంటున్నప్పుడు, ఇన్నేళ్లుగా అలవాటుగా చేస్తూ వచ్చిన పనులలో ఏవి నావో ఏవి కావో నాకు తేటపడింది. ఎదురుప్రశ్న లేకపోవడం వల్ల విశ్వాసులు పోగొట్టుకుంటున్నది ఈ ఎరుకనే.

అందువల్ల ఈ చర్చను మీరు కొనసాగించదలచుకుంటే, పుట్టిన మతంలోనే ఉన్నవారు తాము ఎందుకు ఉన్నామో రాసే లేఖలను కూడా ఆహ్వానించవలసిందిగా కోరుతున్నాను. మారినవారిలోనూ, వదిలినవారిలోనూ తమ కథను ఇష్టపూర్వకంగా చెప్పుకోదలచినవారికి పేరు వెల్లడించకుండా ప్రచురించే వెసులుబాటు కల్పించండి. చెప్పకూడదనుకున్నవారి మౌనానికి దురర్థాలు తీసే లేఖలను మాత్రం దయచేసి పక్కన పెట్టండి.

ఇట్లు,
మీ పాఠకురాలు