మజ్జిగ డబ్బులు ఏమయ్యాయంటే

విజయవాడ,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

తిడితే తిట్టు, పడతాను. కానీ ముందు ఉత్తరం మొత్తం చదువు. బాబాయ్ పేరు మీద చలివేంద్రం పెట్టమని ఏప్రిల్లో పదివేలు పంపావు. ఆయన ఫోటోతో ఫ్లెక్స్ వేయించి, దాని ఫోటో వాట్సాప్‌లో పెట్టమన్నావు. ఆ డబ్బుతో కరెంటు పని చేయించాం.

ఆగు, ఫోన్ తియ్యకు. ఈ ఎండాకాలం సింగ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద చలివేంద్రాలకి కొదవలేదు. ఒక పార్టీ వాళ్లది, దానికి ఎదురుగా ఇంకో పార్టీ వాళ్లది, మధ్యలో ఒక కులసంఘం వాళ్లది. కొన్నిచోట్ల మజ్జిగ కన్నా ఫ్లెక్సే చిక్కగా ఉంది. మా టీచరమ్మ గారికి నీ సంగతి చెప్తే, "ఎనిమిదోది పెట్టి ఏం చేస్తావయ్యా? లోపలి సందుల్లో కూలర్లు చూపిద్దాం" అన్నారు.

మాది పేరుకే సంఘం. మొత్తం ఎనిమిది మందిమి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరదై మీద పడ్డాక పుట్టింది. ఆ వారం నీళ్లలో మేం పడ్డ పాట్లు నీకు ఫోన్లో చెప్పినవే, మళ్లీ ఎందుకు. చెప్పనిది ఒకటుంది. నీళ్లు తీశాక మా వీధిలో అందరికీ ఒకటే తొందర, మెయిన్ వేసి ఫ్యాను కింద బట్టలు ఆరబెట్టుకోవాలని. మా పక్కింటి కుర్రాడు ఎలక్ట్రీషియన్. గుమ్మానికి అడ్డంగా నిలబడి ఎవర్నీ వెయ్యనివ్వలేదు. స్విచ్ బోర్డు మూత తీస్తే గ్లాసుడు నీళ్లూ, ఒక వానపామూ బయటికొచ్చాయి. ఆ రోజు జనం ఆ పిల్లాడిని తిట్టని తిట్టు లేదు. బోర్డులన్నీ విప్పి ఆరబెట్టి వేసేదాకా వదల్లేదు వాడు. మా వీధిలో ఎవరికీ షాక్ కొట్టలేదు. కొట్టలేదు కాబట్టి ఎవరికీ గుర్తు కూడా లేదు!

ఇక కూలర్ల సంగతి. ఇనప బాడీ, లోపల నీళ్లు, ఆ నీళ్లలో మునిగి ఒక చిన్న మోటారు. దాని వైరు మీద తొడుగు అరిగితే బాడీ అంతా కరెంటే. ఎర్త్ బాగుంటే అది నేలలోకి పోయి ఫ్యూజు కొట్టేస్తుంది. లేకపోతే తడి చేత్తో ముట్టుకున్న మనిషిలోంచి పోతుంది. అద్దె గదుల్లో ఎర్త్ ఎక్కడిది? మూడు కాళ్ల ప్లగ్గు పట్టకపోతే రెండు కాళ్లది తగిలిస్తారు, అంతటితో సరి.

మావాడు, అదే ఆ ఎలక్ట్రీషియన్ కుర్రాడు, ఎర్త్ పరీక్ష చేసే పద్ధతి చూడాలి నువ్వు. ఒక హోల్డరు, దానికి అరవై వాట్ల బల్బు, రెండు వైర్లు. ఒక వైరు ఫేజులో, రెండోది ఎర్త్ రంధ్రంలో పెడతాడు. ఎర్త్ ఉంటే బల్బు ఫెళ్లున వెలుగుతుంది. రాజరాజేశ్వరి పేటలో ఒక వరస గదుల్లో, ఆరు గదులకీ కలిపి, ఒక్క బల్బు వెలగలేదు. ఒకచోట మాత్రం మిణుగురులా ఎర్రగా మిణుకుమంది. అది అసలు లేకపోవడం కన్నా ప్రమాదం అన్నాడు, ఉందనుకుని ధైర్యంగా ఉంటారట. అక్కడే ఒక ఇల్లాలు, "మా కూలరు ముట్టుకుంటే జివ్వుమంటది అన్నా, అందుకే చెప్పులేసుకుని నీళ్లు పోస్తన్నా" అంది. నెల రోజుల నుంచీ అట్లాగే పోస్తోందట. నాకు ఒళ్లు జలదరించింది.

మొత్తం 43 ఇళ్లు చూశాం. మూడు కూలర్ల బాడీకి కరెంటు వస్తోంది. ఇల్లుగలాయనతో గంటసేపు వాదించి, సగం ఖర్చు ఆయనతో పెట్టించి, గుంట తవ్వి బొగ్గూ ఉప్పూ పోసి ఆరు గదులకీ కొత్త ఎర్త్ వేయించాం. ట్రిప్పర్ కూడా పెట్టించాలని మావాడి గోల. 30 మిల్లీఆంపుల కరెంటు దారి తప్పినా అది పడిపోయి సప్లై ఆపేస్తుంది. ఆ అరవై వాట్ల బల్బు తాగే దాంట్లో అది ఎనిమిదో వంతు కూడా కాదు. కానీ డబ్బులు చాల్లేదు.

ఇట్లాంటి పనికి చందా పుట్టదు బావా. వరదప్పుడు దుప్పట్లు లారీల్లో వచ్చాయి. ఇప్పుడు ప్లగ్గులు మార్చాలి అంటే, "ఏమైందండీ అక్కడ?" అంటారు. ఏం కాకూడదనే కదా! జరగకముందే ఆపే ఇట్లాంటి పని మన ఊరికి కొత్తా అంటే కాదు. నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారి కుటుంబం వాళ్ల వాసవ్య మహిళా మండలి 1969 నుంచీ ఆడవాళ్ల కోసం పనిచేస్తోంది. మన స్టేషన్లో రైలు దిగిన ఇల్లొదిలిన పిల్లల్ని పలకరించి చేరదీసే నవజీవన్ బాలభవన్ 1989 నాటిది. ఆ పిల్లాడు ఇంకెవరి చేతిలోనో పడకపోవడాన్ని ఏ ఫోటోలో చూపిస్తారు చెప్పు?

నన్ను మాత్రం పెద్ద పుణ్యాత్ముణ్ణి అనుకోకు. నా మందుల షాపులో ఓఆర్ఎస్ అని రాసి ఉన్న తియ్యటి నీళ్ల డబ్బాలు ఏళ్ల తరబడి అమ్మాను. పొడి ప్యాకెట్ మీద మిగిలేది తక్కువ, డబ్బా మీద ఎక్కువ. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాములే గ్లూకోజు. ఆ డబ్బాల్లో దానికి ఎన్నో రెట్లు చక్కెర, విరేచనాలవుతున్న పిల్లలకి ఇంకా ఎక్కువ చేస్తుంది. నాకు తెలుసు. పిల్లలు ఇష్టంగా తాగుతారని ఇచ్చేవాణ్ణి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల పాటు పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్రం ఆ పేరు వాడొద్దంది. టీచరమ్మ గారు మా షాపుకొచ్చి అర చూసి, "నువ్వు మా సంఘంలో ఎట్లా ఉన్నావయ్యా" అన్నారు. సిగ్గేసింది. ఇప్పుడు పొడి ప్యాకెట్టే ఇస్తున్నా, పక్కన ఖాళీ లీటరు సీసా పెట్టి మరీ చూపిస్తున్నా. లేకపోతే ప్యాకెట్ మొత్తం గ్లాసులో కలిపేస్తారు.

లెక్క రాసుకో. నాలుగు ఆదివారాలు మావాడి కూలి 4,000. వద్దన్నాడు, బలవంతంగా ఇచ్చాం. ప్లగ్గులూ వైర్లూ 3,200. ఎర్త్ గుంటలో మన సగం 2,300. మిగిలిన 500తో ఆ వరస గదుల ముందే ఒక పూట మజ్జిగ పోశాం. ఫ్లెక్స్ లేదు. "ఎవరి పేరు మీదన్నా ఇది?" అని ఆ చెప్పుల ఇల్లాలే అడిగింది. కరెంటు లైన్‌మన్ పేరు మీద అని చెప్పా.

ఫోటో పంపుతున్నా. మావాడు గుంట ముందు వంగి ఉన్నాడు, వీపే కనపడుతుంది. నువ్వు వచ్చేటప్పుడు, బాబాయ్ జేబులో ఎప్పుడూ ఉండే ఆ పసుపు పిడి టెస్టర్ ఇంకా మీ ఇంట్లో ఉంటే తీసుకురా. మావాడిది గుంటలో పడి పోయింది.

నీ
బావ