టైరు వెడల్పు ఒక్కటే చూస్తే ఎట్లా సార్?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో కార్ల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. రేసు ట్రాక్ మీదా రోడ్డు మీదా రెండు చోట్లా కారు నడిపేవాళ్లు కంపెనీ ఇచ్చిన టైర్లు తీసేసి వెడల్పువి వేసుకుంటే పట్టు పెరుగుతుందని రాశారు. అబద్ధం అనను గానీ సగమే రాశారు. మిగతా సగం నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నాను, అందుకే ఈ ఉత్తరం.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. దీన్ని స్పోర్ట్స్ కారు అంటే మా బామ్మర్ది నవ్వుతాడు, "ఇది రైతు బజారుకు పోయే కారు బావా" అంటాడు, అననీలే. ఏడాదికి రెండు మూడు సార్లు శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు పోతాను, 3.7 కిలోమీటర్ల ట్రాక్ అది. మిగతా రోజులన్నీ కడప రోడ్లే.

దీనికి కంపెనీ టైరు 185/60 ఆర్ 15. మొదటిసారి మార్చాలనుకున్నప్పుడు షాపులో 205/55 అడిగితే లేదన్నారు, 205/60 ఉంది సార్, ఒకటే కదా, లుక్ కూడా బాగుంటది అన్నారు. నేనూ తలూపాను. ఒకటే ఎందుకు కాదో లెక్క చూడండి. మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. ఆ రెండో అంకె మిల్లీమీటర్లు కాదు, టైరు పక్క గోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో చెప్తుంది. 185లో 60 శాతం 111, పైనా కిందా కలిపి 222, దానికి 15 అంగుళాల రిమ్ము 381 కలిపితే టైరు ఎత్తు 603 మిల్లీమీటర్లు. 205/60 అయితే 627. అంటే 4 శాతం ఎత్తు పెరిగింది, మీటరు మీద 100 చూపిస్తుంటే చక్రం లెక్కన అసలు స్పీడు దానికంటే 4 ఎక్కువ. అదే 205/55 అయితే 606న్నర, దాదాపు పాత ఎత్తే. ఆ చిన్న 5 తేడాకు నేను గువ్వలచెరువు ఘాట్‌లో నలుగురిని ఎక్కించుకుని దిగుతుంటే ప్రతి మలుపులో చక్రం పైనుండే లోపలి ప్లాస్టిక్ లైనర్‌కు టైరు ఒరుసుకుని గరగరమని చప్పుడు, వెనక కూర్చున్న మా అత్తగారు ఏదో ఊడిపోతోందని దేవుళ్లందరినీ తలుచుకున్నారు. మైలేజీ కూడా పడిపోయింది, కొంత వెడల్పు వల్ల నిజంగానే, కొంత మాత్రం మీటరు తిరిగిన దూరాన్ని తక్కువ చూపించడం వల్ల. ఇది తట్టడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఇక అసలు సంగతి. వెడల్పు టైరు వేస్తే నేలకు ఆనే చోటు ఎక్కువవుతుందని మీ వ్యాసంలో ఉంది. కారు బరువును మోసేది టైరులో గాలి. బరువు అదే, గాలి అదే అయితే నేలకు ఆనే చోటు పెద్దగా పెరగదు, ఆకారం మారుతుందంతే. పిండిముద్ద ఒకటే, పొడుగ్గా ఒత్తితే ఒక రకం, అడ్డంగా ఒత్తితే ఒక రకం, అట్లా. అడ్డంగా వెడల్పు, పొడవు తక్కువ ఉన్న ఆకారం మలుపులో రబ్బరును తక్కువ మెలిపెడుతుంది, వేడి కూడా ఎక్కువ రబ్బరులోకి పంచుకుంటుంది, ట్రాక్ మీద నాలుగైదు ల్యాపులు గట్టిగా కొట్టినా తొందరగా జారుడు పట్టదు. లాభం ఉంది, కాదనను. కానీ గట్టి రబ్బరుతో చేసిన వెడల్పు టైరు కంటే మెత్తటి మంచి కాంపౌండ్ (రబ్బరు మిశ్రమం) ఉన్న పాత సైజు టైరే బాగా పట్టుకుంటుంది, ఇది నేను రెండూ వేసి చూసి చెప్తున్న మాట. ముందు కాంపౌండ్ చూసుకోవాలి, తర్వాత వెడల్పు. చాలా టైర్ల పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది, 200 దగ్గర్లో ఉంటే ట్రాక్‌కు పనికొచ్చే మెత్తదనం ఉండొచ్చు, 400, 500 ఉంటే ఎక్కువ రోజులు అరగకుండా ఉండటానికి చేసింది. కంపెనీ కంపెనీకి ఈ లెక్క తేడా ఉంటుంది కాబట్టి ఒకే కంపెనీ టైర్లలో పోల్చుకోవడం మేలు.

రిమ్ము సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు! నా రిమ్ము వెడల్పు 6 అంగుళాలు. దానికి 205 ఎక్కుతుంది, తప్పేం లేదు, కానీ పక్కలు బుగ్గల్లా ఉబ్బి స్టీరింగ్ తిప్పాక ఒక క్షణం ఆలోచించి గానీ కారు తిరగదు. పెద్ద రిమ్ము వేద్దామంటే ఆఫ్‌సెట్, అంటే రిమ్ము ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చూడాలి, లేకపోతే లోపల సస్పెన్షన్‌కో బయట మడ్‌గార్డ్‌కో తగులుతుంది. టైరు 20 మిల్లీమీటర్లు పెరిగితే లోపలికి 10, బయటికి 10 అని గుర్తుపెట్టుకుంటే చాలు, షాపువాడి మాట వినకుండా మీరే టేపు పెట్టి కొలవొచ్చు.

అలైన్‌మెంట్ ఇంకో గొడవ. ఇంజను బలం ముందు చక్రాలకే వెళ్లే మామూలు కార్లకు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) చాలా తక్కువ ఇస్తారు, కాబట్టి ట్రాక్ మీద మలుపులో టైరు బయటి అంచే పని చేస్తుంది, ఎంత వెడల్పు పెడితే ఏం లాభం, లోపలి సగం ఊరికే షికారుకు వచ్చినట్టు. నా మొదటి సెట్టు బయటి బటన్లు (నేలకు ఆనే రబ్బరు దిమ్మెలు) గుండయ్యాయి, లోపలివి కొత్తగా ఉన్నాయి. సరే అని క్యాంబర్ ఎక్కువ పెట్టిస్తే రోడ్డు మీద లోపలి అంచు తింటుంది. రెండూ కావాలంటే మధ్యలో ఎక్కడో రాజీపడాలి.

మన రోడ్ల మాట కూడా చెప్పాలి. రాజంపేట, రైల్వేకోడూరు వైపు లారీలు పోయే చోట రోడ్డు మీద గాళ్లు పడి వెడల్పు టైరు ఆ గాడి వెంటే లాక్కుపోతుంది, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని కూర్చోవాలి. నవంబరు వానల్లో ఇంకా టెన్షన్, నీళ్లు నిలిచిన చోట సన్న టైరు చీల్చుకుని పోతుంది, వెడల్పుది నీళ్ల మీద తేలుతుంది, అదీ బటన్లు సగం అరిగిన ట్రాక్ టైరు అయితే చెప్పే పనే లేదు. బటన్ల లోతు 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలంటుంది చట్టం, వానకు నేను 3 ఉన్నప్పుడే మార్చేస్తాను. ఎండాకాలం గాలి సంగతి, కడపలో మధ్యాహ్నం 43 డిగ్రీల్లో కొలిచి ఎక్కువుందని తీసేయొద్దు, వేడికి ప్రతి 5, 6 డిగ్రీలకు ఒక పాయింట్ (పీఎస్ఐ) పెరుగుతుంది, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ట్రాక్ మీద మాత్రం కాస్త తక్కువతో మొదలుపెట్టి రెండు ల్యాపులయ్యాక వేడి మీద కొలిచి సరిచేసుకుంటాం.

ఇప్పుడు నా దగ్గర రెండు సెట్లు. రోడ్డుకు 185/60, ట్రాక్‌కు 195/55, ఎత్తు ఒక శాతం తక్కువ అంతే. వెనక సీటు మడిస్తే నాలుగు టైర్లూ రిమ్ములతో సహా పడతాయి, అక్కడికి పోయి మార్చుకుని టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే పానా) బోల్టులు 120 న్యూటన్ మీటర్లకు బిగించుకోవడమే. రెండు సెట్లు కొనే స్తోమత లేనివాళ్లు కంపెనీ సైజులోనే మంచి టైరు కొనుక్కోమని నా సలహా. బెంగళూరు నుంచి వచ్చే వాడిన టైర్లు చవగ్గా దొరుకుతాయి, కొనేముందు పక్కన నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం చేసింది. బటన్లు ఎంత ఉన్నా అంత పాతది ట్రాక్ మీదికి నేనైతే ఎక్కించను.

ఈసారి రాసేటప్పుడు రిమ్ము, అలైన్‌మెంట్ కూడా వేయండి సార్. అన్నట్టు, మీ వ్యాసం పక్కన వేసిన ఫొటోలో టైరు మీద రొటేషన్ బాణం (టైరు ఎటు తిరగాలో చూపే గుర్తు) వెనక్కి ఉంది, టైరు తిప్పి బిగించారేమో ఆ కారు ఓనర్‌ను అడిగి చూడండి.

- ఒక పాఠకుడు, ఎర్రముక్కపల్లి, కడప