డబుల్స్‌కు నాలుగు లైన్లేనా?

ఎడిటర్ గారికి,

మీ స్పోర్ట్స్ పేజీ రోజూ చదువుతాను, అందుకే ఈ ఫిర్యాదు. టెన్నిస్ గ్రాండ్‌స్లామ్ జరిగినన్ని రోజులూ సింగిల్స్‌కు పెద్ద ఫొటో వేస్తారు, డబుల్స్‌కు మాత్రం కింద మూలన నాలుగు లైన్లు, మనవాళ్లు ఓడిపోతే అవీ రెండే. సింగిల్స్ ఆడలేనివాళ్లే డబుల్స్‌కు వస్తారనే మాట జనంలో పాతుకుపోయిందంటే పోదా మరి?

అందులో కొంత నిజం లేకపోలేదు. మన సానియానే తీసుకోండి, 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లి గాయాల వల్ల తర్వాత సింగిల్స్ వదిలేసింది, కానీ వదిలేశాకే కదా 2015లో డబుల్స్ నంబర్ వన్ అయింది, స్విట్జర్లాండ్ క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో కలిసి వరసగా 41 మ్యాచ్‌లు గెలిచింది! ఇక రోహన్ బోపన్న సంగతి. 2010లో పాకిస్తాన్ ఆటగాడు ఖురేషీతో యూఎస్ ఓపెన్ ఫైనల్ ఆడి ఓడాడు, 2023లో ఆస్ట్రేలియా ఆటగాడు ఎబ్డెన్‌తో మళ్లీ అక్కడే ఫైనల్లో ఓడాడు, మధ్యలో మోకాళ్ల కార్టిలేజ్ అరిగిపోయి నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాడు, చివరికి 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ టైటిల్, దాంతోపాటే నంబర్ వన్ ర్యాంకు. అప్పటికి వయసు 43. ఆ వయసుకు సింగిల్స్ వాళ్లు చాలామంది కామెంటరీ చెప్పుకుంటూ ఉంటారు.

అసలు టెన్షన్ పార్ట్‌నర్‌తోనే. ఇద్దరి ర్యాంకులూ కలిపి చూసి ఎంట్రీ ఇస్తారు, ప్రైజ్‌మనీ ఇద్దరూ పంచుకోవాలి, అతనికి నడుం పట్టేస్తే ఇతని వారం కూడా పోయినట్టే. పైగా ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) టోర్నీల్లో డ్యూస్, అంటే 40-40 అయితే ఒక్క పాయింటుతోనే గేమ్ తేలిపోతుంది, మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్. రెండు తప్పులు చేస్తే సూట్‌కేస్ సర్దుకోవాల్సిందే.

2025లో యూఎస్ ఓపెన్ వాళ్లు మిక్స్‌డ్ డబుల్స్‌ను రెండు రోజులకు కుదించి సింగిల్స్ స్టార్లతో నింపేశారు. చివరికి ఆ స్టార్లలోని స్వియాటెక్, రూడ్ జోడీని ఓడించి కప్పు పట్టుకెళ్లింది ఎవరు? ఎరానీ, వవాసోరి. డబుల్స్ వాళ్లే!

హైదరాబాద్ కుర్రాడు రిత్విక్ చౌదరి బొల్లిపల్లి 2024లో అర్జున్ ఖాడేతో కలిసి కజకిస్తాన్‌లోని అల్మాటీలో ఏటీపీ టైటిల్ కొట్టాడు. మా కాలనీలో రాకెట్ పట్టుకుని తిరిగే పిల్లల్ని అడిగితే ఒక్కరికీ ఆ పేరు తెలియదు, తప్పు వాళ్లది కాదు. ఏటీపీ, దాని కింది స్థాయి ఛాలెంజర్ టోర్నీల డబుల్స్ ఫలితాలకు సోమవారం సోమవారం ఒక చిన్న కాలమ్ ఇవ్వండి. స్కోరు, పార్ట్‌నర్ పేరు, ర్యాంకు ఉంటే చాలు. చోటు లేదంటారా, ఐపీఎల్ వేలం పుకార్లకు అర పేజీ దొరుకుతోంది కదా సార్.

ఇట్లు,
మీ పాఠకుడు,
హైదరాబాద్